కొమ్ములకు వేసే రంగు

పంచవర్ణం కొడుకును నీళ్ళ తొట్టి దగ్గర కూర్చోబెట్టి, వాడి రెండు చేతులూ టెంకాయ పీచుతో తోముతోంది. ముందు సీకాయపొడి, తర్వాత బూడిద, ఇప్పుడు బట్టల సబ్బు. ఇరవై రెండేళ్ళ వేడియప్పన్ పళ్ళు బిగబట్టుకొని గోడ మీది తొండను చూస్తున్నాడు.

"చాలు లేమ్మా. తోలు వచ్చేస్తాది."

"రానీ. తోలు కింద ఏముందో చూస్తా. మొదలాళి ఏమన్నాడో ఇంకోసారి చెప్పు."

"ఇప్పటికి మూడుసార్లు చెప్పినాను."

"నాలుగోసారి చెప్పు. నడమ ఏదన్నా మింగేసింటావు."

వేడియప్పన్ తొండకు చెబుతున్నట్టు చెప్పాడు. "'కారు లోపలంతా పసుప్పచ్చగా పండిపోయింది, నీ చేతి మురికే. సంగటి తిని, చెయ్యి పంచెకు తుడుచుకొని వచ్చి స్టీరింగు పట్టుకుంటావా? మీ ఇంట్లో సోప్పు వాడరా?' అన్నాడు. అంతే. ఏమీ మింగలేదు."

పీచు ఆగింది. చేతి మురికి అన్నప్పుడు ఆమెకు భయం మాత్రమే వేసింది. మీ ఇంట్లో అన్నచోట పీచును తొట్టి అంచుకేసి కొట్టింది. ధర్మపురిలో ఆ వీధిలో పొద్దున్నే గడపతోపాటు గడప ముందున్న మురుగు కాలువ అంచు కూడా కడిగే మనిషి ఆమె ఒక్కతే.

వేడియప్పన్ యజమాని సుబ్బరాయన్ మొదలాళిది చింతపండు మండీ. ఆయన ఫియట్ కారు తోలడం మొదలుపెట్టి వేడియప్పన్‌కు ఎనిమిది నెలలయింది. కారు లోపల స్టీరింగు చక్రం, డాష్‌బోర్డు అనే ముందు పలక, తలుపుల పిడులు, అద్దాలు దించే మరల గుండ్లు అన్నీ ప్లాస్టిక్కువే. ఒకప్పుడు అవి దంతంలా ఉండేవట. ఇప్పుడు కాఫీ ఒలికిన పంచెలా ఉన్నాయి. వచ్చే ఆదివారం మొదలాళి తన భార్యను హొగేనక్కల్ జలపాతానికి తీసుకుపోవాలి. ఆ లోపల అదంతా మళ్ళీ తెల్లగా కావాలి. కాకుంటే కడత్తూరులో ఒకడు కారు తోలేదానికి కాచుకొని ఉన్నాడు.

"కడత్తూరు వాడు వస్తే నువ్వేం చేస్తావు?" అంది పంచవర్ణం.

"లారీకి పోతాను."

అనకూడని మాట అన్నానని వేడియప్పన్‌కు వెంటనే తెలిసింది. పంచవర్ణం కళ్ళ ముందు లారీ బయలుదేరింది. తొప్పూరు ఘాటు ఎక్కింది. ఎదురుగా ఇంకో లారీ వచ్చింది. లోయలో పొగ లేచింది. ఎవరో పోలీసు ఆమెను పిలిచి, మీ అబ్బాయేనా చూడమ్మా అన్నాడు. ఇంత తెల్లగా తోమిన చేతులు ఇంకెవరికుంటాయని ఆమె గుర్తు పట్టింది.

"వద్దు," అంది కొడుకు చేతుల మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించి. "మనమే రంగు వేద్దాం."

"మనకేం తెలుసమ్మా రంగు వేసేది?"

"మా అన్నకు తెలుసు. ఏటేటా ఎద్దుల కొమ్ములకు వేస్తాడు గదా."

*

శనివారం దాకా తనకు కారు పనిలేదని, మండీకి సరుకు వచ్చే రోజులని మొదలాళి అన్నాడు. బుధవారం పొద్దున వేడియప్పన్ కారును సోగత్తూరులో ఉన్న మేనమామ నారాయణసామి కొట్టానికి తీసుకుపోయాడు. పంచవర్ణం కారెక్కలేదు. అంతవరకు ఆమె ఎప్పుడూ కారెక్కలేదు. తలుపు మూసుకుంటే మళ్ళీ తెరుచుకోదేమోనని ఆమె అనుమానం. కూడు గంప నెత్తిన పెట్టుకొని రోడ్డు వారన నడిచింది. వేడియప్పన్ ఆమె పక్కనే, ఆమె నడిచినంత మెల్లగా కారు తోలాడు. సైకిలు మీద పోయేవాళ్ళు దాటి వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగి చూశారు.

"అమ్మా, ఇంజను కాగిపోతాది. ఎక్కు."

"కాగితే చెప్పు, నిలబడతా."

నారాయణసామి ఎద్దులను అవతలి రాటకు మార్చి కారుకు చోటు చేశాడు. అరవై ఏళ్ళ మనిషి. ఏ వస్తువునైనా ముందు వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. స్టీరింగును కొట్టాడు. తలుపు పిడిని కొట్టాడు. గోటితో కాస్త గీకి వాసన చూశాడు.

"కొమ్మే ఇది," అన్నాడు.

"ప్లాస్టిక్కు మామా."

"పేరు ఏదన్నా పెట్టుకోనీ. శబ్దం కొమ్ముదే, వాసన కొమ్ముదే. నీకు రంగు కావాల్నా, పేరు కావాల్నా?"

అసలు రంగు ఏదో ముందు తేలాలి. స్టీరింగు నడుమ హారను బిళ్ళను వేడియప్పన్ విప్పితే, దాని కింద ఎండ తగలని చోటు రూపాయి బిళ్ళంత కనబడింది. పంచవర్ణం పెరుగు తెచ్చి పక్కన పెట్టి చూసింది. పెరుగు మరీ తెలుపు. వెల్లుల్లి రెబ్బ పెట్టింది. అందులో కొంచెం ఊదా ఉంది. వంటింట్లోంచి వదిన ఉడికిన పనసగింజ తోలు తీసి ఇచ్చింది. అతికినట్టు సరిపోయింది. నిరుడు కొమ్ములకు వేయగా మిగిలిన తెల్ల ఎనామలు సగం డబ్బా ఉంది, పసుపుది అడుగున కొంచెం ఉంది. గరిటెడు తెలుపుకు చీపురు పుల్ల కొసంత పసుపు కలుపుతూ, పనసగింజను పక్కన పెట్టుకొని చూస్తూ, నారాయణసామి అరపూట తీసుకున్నాడు.

ఆలోగా పంచవర్ణం లోపలి సందుల్లో మురికి తీయడానికి కూర్చుంది. ముందు సీటు మీద గోనెపట్ట వేసుకొని, మోకాళ్ళ మీద వంగి, పిన్నీసు కొసతో ముందు పలక గాడులు గీరుతోంది. గోధుమరంగు పొడి రాలింది. తుమ్ము వచ్చింది. ఒకటే వచ్చింది. ఒంటి తుమ్ముతో పని చేస్తే మంచిది కాదు. దిగి, మంచినీళ్ళు తాగి, రెండో తుమ్ము కోసం కూర్చుంది. రాలేదు. మళ్ళీ ఎక్కి గీరితే ఆరు వచ్చాయి.

అప్పుడు పిన్నీసు ముక్కు దగ్గర పెట్టుకొని చూసింది. వాళ్ళమ్మ కొంగు ముడి వాసన.

"వేడియా!"

వాడు పరుగెత్తి వచ్చేసరికి ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"ముక్కుపొడి పడతావా నువ్వు? ఎప్పట్నుంచి? మా అమ్మకు ముక్కు రంధ్రాలు ఇంతింత అయిపోయినాయి. చివరికి మల్లెపూల వాసన కూడా తెలీకుండానే పోయింది. నీకు పిల్లనెవరిస్తారురా?"

"అమ్మా, చుమ్మా ఉండు, అరవొద్దు. నువ్వు ఏ పక్క గీరినావు?"

"ఈ పక్క."

"నేను ఏ పక్క కూర్చుంటాను?"

పంచవర్ణం స్టీరింగు వైపు చూసింది. తను కూర్చున్న వైపు చూసింది. స్టీరింగు ఎడమన, తన ముందు, పలక మీద మరకలు దట్టంగా ఉన్నాయి. ఎడమ తలుపు పిడి మీద ఇంకా దట్టంగా ఉన్నాయి.

"మొదలాళా?"

వేడియప్పన్ అటూ ఇటూ చూశాడు. ఎద్దులు తప్ప ఎవరూ లేరు. "అమ్మగారికి మాటిచ్చి కొండ మీద గుండు కొట్టించుకొని మానేసినాడు. ఏడాదయింది. ఇంట్లో మానేసినాడు, కార్లో మొదలుపెట్టినాడు."

"స్టీరింగు?"

"అది ఎండకు పండింది. ఎండకు పండింది ఎండకు, ఆయన చేతికి పండింది ఆయన చేతికి. రెండూ నా చేతి మురికే అంటున్నాడు. ఏం చెప్పమంటావు? నీ నోట్లోంచి ఈ మాట బయటికొస్తే ఆదివారం దాకా కూడా ఉండదు నా పని."

పంచవర్ణం గభాలున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంతకుముందు ఆమెకు ఒక్క భయమే ఉండేది. ఇప్పుడు తన నోరు కూడా ఒక భయం అయింది. పగలంతా ఆకువక్క బుగ్గన పెట్టుకొని తిరిగింది, నోరు ఖాళీగా ఉంటే ఏదన్నా వచ్చేస్తుందేమోనని.

*

కొమ్ములకు నారాయణసామి చేసే పద్ధతి ఒకటుంది. పగిలిన లాంతరు గాజు పెంకుతో మొదలు నుంచి కొస దాకా ఒకే వైపు గీకాలి. తర్వాత గరుకు ఉప్పుకాగితంతో రుద్దాలి. ఆ తర్వాత ఆముదం పట్టించి ఒక పూట ఎండలో ఉంచాలి. ఆముదం తాగిన కొమ్ము చీలదు. దాని మీద వేసిన రంగు మళ్ళీ పండగ దాకా ఉంటుంది.

"పెయింటు అంగడిలో ఉప్పుకాగితంతో రుద్ది, తుడిచి వేస్తే చాలన్నారు మామా," అన్నాడు వేడియప్పన్.

"చాలని వాళ్ళంటారు," అంది పంచవర్ణం ఆకువక్క పక్కకు నెట్టి. "చీలితే వాళ్ళొస్తారా? నువ్వు తోలుతా ఉంటే చక్రం చేతిలోనే రెండు ముక్కలయితే ఎవురు పట్టుకుంటారు?"

నారాయణసామి గీకాడు, వేడియప్పన్ రుద్దాడు, పంచవర్ణం ఆముదం పట్టించింది. చెంచాడు చాలని అన్న అన్నాడు. ఆమె గిన్నెడు తెచ్చుకుంది. గుడ్డ ముంచి, పసిబిడ్డకు తలంటినట్టు, ప్రతి పిడికీ, ప్రతి గుండుకూ, చక్రం చుట్టూతా రాసింది. రాసిన చోటికి మళ్ళీ వచ్చింది. ముందు పలకకు, అది వెడల్పుగా ఉంది కాబట్టి అక్కడే ముందు చీలుతుందని తోచి, మూడుసార్లు పెట్టింది. దూడ ఒకటి తల దూర్చి ఎడమ తలుపు పిడిని నాకి, ముఖం చిట్లించుకొని వెళ్ళిపోయింది.

గురువారం రంగు. వేగం చూపే గడియారం మీద తడిగుడ్డ కప్పింది పంచవర్ణం. దాని మీద రంగు పడితే ఎంత వేగం పోతున్నాడో కొడుక్కి తెలియదు, తెలియకపోతే ఎక్కడ ఆపాలో తెలియదు. నారాయణసామి కుంచె డబ్బా అంచుకు రెండుసార్లు వత్తి, ఊపిరి బిగబట్టి, ఎద్దుతో మాట్లాడినట్టు "ఓ... ఓ... అంతే" అంటూ వేశాడు. సాయంత్రానికి కారు లోపలంతా తోలు తీసిన పనసగింజలా మెరిసింది. ముగ్గురూ నిలబడి చూశారు. వదిన కూడా వచ్చి చూసి, "మంగళసూత్రం కట్టేయొచ్చు," అంది.

శుక్రవారం పొద్దున పంచవర్ణం వేలితో తాకింది. వేలు అతుక్కుంది. మధ్యాహ్నం తాకింది. అతుక్కుంది. శనివారం పొద్దున తాకే పనే లేకపోయింది. స్టీరింగు మీద రెండు ఈగలు, ముందు పలక మీద ఒక కోడి ఈక కనబడ్డాయి.

"కొమ్ములకు ఒక్క పూటలో ఆరతాదే," అన్నాడు నారాయణసామి. వంగి చూశాడు. కణుపుతో కొట్టబోయి మానుకున్నాడు. కాసేపు ఎద్దుల వైపు చూసి, కాసేపు కారు వైపు చూసి, మెల్లగా అన్నాడు. "కొమ్ము నూనె తాగతాది. ఇది తాగలే. నూనె నూనెగానే ఉంది, మీద రంగు తేలతా ఉంది."

"ఇప్పుడా అన్నా చెప్పేది?"

"నాకూ ఇప్పుడే తెలిసె. ఇన్నేళ్ళలో కొమ్ములుండే కారును నేను చూడలే గదా."

అంతా గీకేసి మొదటి నుంచి వేయడానికి పొద్దు లేదు. ఆదివారం ఆరింటికి బండి గుమ్మం ముందు ఉండాలని మొదలాళి కబురు పంపాడు. పంచవర్ణం ఈగలను తీసి, ఈకను తీసి, కొడుకు ముఖానికి పూసుకునే పౌడరు డబ్బా తెప్పించి, మెత్తటి గుడ్డతో రంగు మీద అంతటా అద్దింది. డబ్బా ఖాళీ అయింది. తాకి చూసింది. వేలు అతుక్కోలేదు. నున్నగా ఉంది.

"చూడు, ఆరిపోయింది," అంది ఏడుపు గొంతుతో.

*

ఆదివారం ఉదయం మొదలాళి ఇంటి ముందు, ఆయన భార్య అలమేలుమంగ చేతిలో మసాలా డబ్బాతో నిలబడి ఉంది. సన్నగా, తక్కువ మాటలతో ఉండే మనిషి.

"వేడియప్పా, మీ అమ్మను కూడా పిలుచుకొని రా. అక్కడ ఏటి మీను వేయించేవాళ్ళు మసాలా ఎట్ల నూరతారో ఏమో. ఆమె చెయ్యి శుభ్రం."

అట్లా పంచవర్ణం జీవితంలో మొదటిసారి కారెక్కింది. వెనక సీటులో, మొదలాళి వెనకాల, అలమేలుమంగ పక్కన. ఒళ్ళో ఒక నిమ్మకాయ, నిమ్మకాయ మీద రెండు చేతులు. దేన్నీ తాకకూడదు. ఎవరన్నా ఏదన్నా తాకితే చూడకూడదు. చూస్తే అరుస్తుంది.

సుబ్బరాయన్ మొదలాళి బుగ్గమీసాలు దువ్వుకుంటూ వచ్చి, ముందు సీటులో కూర్చొని లోపలంతా కలయజూశాడు.

"చూసినావా! చెయ్యి శుభ్రంగా ఉంటే ఎట్లుందో! ఇన్ని దినాలు ఏమయింది ఈ బుద్ధి?" ముక్కు ఎగరేశాడు. "ఏందిరా, పెండ్లికూతురు వాసన?"

"కొత్త రంగు, మొదలాళీ."

"స్టీరింగుకు ఆ తుండు ఏంది?"

చక్రం చుట్టూ వేడియప్పన్ తన తుండుగుడ్డను పేలికలుగా చించి, పౌడరు అద్ది, బాలింత కడుపుకు కట్టినట్టు గట్టిగా చుట్టి పెట్టాడు. "నా చేతి మురికి అంటకుండా, మొదలాళీ," అన్నాడు ఎదురుగా రోడ్డు చూస్తూ.

అలమేలుమంగ తల తిప్పి వాడి మెడ వైపు ఒకసారి చూసింది.

పెన్నాగరం దాకా బాగానే జరిగింది. ప్రతి కల్వర్టు దగ్గర పంచవర్ణం కళ్ళు మూసుకుంది, ప్రతి కల్వర్టు తర్వాత తెరిచింది. పెన్నాగరంలో టైరు చూసి వస్తానని మొదలాళి దిగి, టైరు లేని వైపుకు వెళ్ళి, కళ్ళు తడిగా తిరిగి వచ్చాడు. అప్పటికి ఎండ ఎక్కింది. కారు లోపల పౌడరు వాసన తగ్గి ఆముదం వాసన మెల్లగా లేచింది.

ఘాటు దిగేటప్పుడు మలుపులు మొదలయ్యాయి. మొదటి మలుపుకు మొదలాళి ఎడమ చెయ్యి తలుపు పిడిని పట్టుకుంది. రెండో మలుపుకు కుడి చెయ్యి ముందు పలక మీద ఆనింది. పంచవర్ణం వేళ్ళు నిమ్మకాయలోకి దిగిపోయాయి. మూడో మలుపు దాటాక మొదలాళి, "ఆహా, ఆ కొండ చూడు, అలమేలూ," అని కిటికీ వైపు పూర్తిగా తిరిగాడు. వెనక నుంచి ఆయన మోచెయ్యి మాత్రమే కనబడింది. పైకి లేచింది. కాసేపు ఉండి దిగింది. పొడి గాలికి వెనక్కి వచ్చింది.

పంచవర్ణం తుమ్మింది.

"జలుబా?" అంది అలమేలుమంగ.

"ఆ... కొండగాలమ్మా." మళ్ళీ తుమ్మింది. రెండు తుమ్ములు మంచివే అని తనకు తాను చెప్పుకుంది. నాలుగో మలుపు, అయిదో మలుపు. మొదలాళి చెయ్యి పలక మీదికి, పలక మీంచి జేబుకు, జేబులోంచి ముక్కుకు, ముక్కు నుంచి పలకకు పోతూనే ఉంది. ఆమె ఇంక కళ్ళు మూసుకోలేదు. మూసుకున్నా చేతులు కనబడుతున్నాయి.

హొగేనక్కల్‌లో కారు ఆగగానే మొదలాళి దిగి, ఒళ్ళు విరుచుకొని, భార్యకు తలుపు తీయబోయాడు. తన చేతి వేళ్ళు ఒకదానికొకటి ఎందుకు అతుక్కుంటున్నాయా అని చూసుకుంటున్నాడు. అలమేలుమంగ దిగి ఆయన ముఖం చూసింది.

"ముక్కు మీద ఏముంది?"

ఆయన ముక్కుకు కుడిపక్కన పనసగింజ రంగు మచ్చ ఒకటి, దాని మీద గోధుమరంగు చిటికెడు, అంటుకొని ఉన్నాయి.

"గంధం," అన్నాడు మొదలాళి.

"పొద్దున గుడికి పోలేదే."

"నిన్నటిది."

అలమేలుమంగ, ముందు సీటు కాళ్ళ దగ్గర పెట్టిన మంచినీళ్ళ చెంబు కోసం ఎడమ తలుపు తెరిచి వంగింది. వంగినది అట్లాగే ఉండిపోయింది.

ముందు పలక మీద, మొదలాళి కూర్చునే చోటికి ఎదురుగా, తెల్లటి రంగులో అయిదు వేళ్ళు దిగి ఉన్నాయి. ఒకసారి కాదు, పక్కపక్కన మూడు నాలుగుసార్లు. బొటనవేలు, చూపుడువేలు దిగిన చోటల్లా ముక్కుపొడి దట్టంగా అతుక్కొని, ముగ్గు పిండి బదులు పొడితో వేసినట్టు గీత గీతా తేలి కనబడుతోంది. ఉంగరపు వేలి దగ్గర కెంపు ఉంగరం అచ్చు కూడా ఉంది. తలుపు పిడి మీద ఇంకో చెయ్యి ఉంది.

పంచవర్ణం కారు పక్కన నిలబడి, కడత్తూరు నుంచి ఒకడు బయలుదేరి వస్తున్నాడనుకుంది. నోట్లో ఆకువక్క లేదు. పెదవులు పంటి కింద పెట్టి నొక్కింది.

అలమేలుమంగ చెంబు కింద పెట్టింది. చెయ్యి చాపి స్టీరింగు మీది పేలిక ఒకటి మెల్లగా విప్పింది. గుడ్డ నేత అచ్చు పడి ఉంది గానీ, దాని కింద చక్రం పనసగింజలా తెల్లగా ఉంది.

"వేడియప్పా, చేతులు చూపించు."

వాడు రెండు అరచేతులూ చాపాడు. వేలి సందులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఎవురు తోమినారు ఇట్ల?"

"మా అమ్మ."

"ఎందుకు?"

వేడియప్పన్ నేల చూశాడు. మొదలాళి ఏటి వైపు చూశాడు. ఏట్లో పుట్టి ఒకటి గుండ్రంగా తిరుగుతోంది. పంచవర్ణం ఇక ఆగలేకపోయింది.

"అమ్మా, తప్పు నాదే! వాడిదేం లేదు. ఆముదం పెట్టినాను నేను. వద్దన్నా పెట్టినాను. అందుకే ఆరలే. చీలతాదేమోనని భయపడి..."

"ఆముదమా? దీనికా?"

"ఎద్దుల కొమ్ములకు పెడతారమ్మా."

"ఎంత పెట్టినావు?"

"అంతటా రెండుసార్లు. అయ్య ముందర మూడుసార్లు."

అలమేలుమంగ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. పంచవర్ణానికి ఆమె ఏడుస్తోందని తోచి తనకూ ఏడుపు వచ్చింది. తర్వాత చూస్తే ఏడుపు కాదు. నవ్వు తగ్గాక ఆమె కళ్ళు తుడుచుకొని, భర్త ముందుకు వెళ్ళి అరచెయ్యి చాపింది. మొదలాళి కాసేపు ఆ చేతిని చూసి, బనియను జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసి అందులో పెట్టాడు. అది ఆయన వేళ్ళను వదలక, రెండుసార్లు విదిలించాల్సి వచ్చింది. ఆమె దాన్ని పంచవర్ణానికి ఇచ్చింది.

"నీ దగ్గర పెట్టుకో. భద్రంగా."

ఒడ్డున నూనె మర్దన చేసే ముసలాయన కాసేపటికి మొదలాళిని బండ మీద కూర్చోబెట్టాడు. భుజాలు పిసికి, ముఖం చూసి, "అయ్యా, ముక్కుకు కూడా పెట్టనా? ఈ రంగు నూనెకే వదులుతాది," అన్నాడు.

మీను వేగాక అలమేలుమంగ మొదటి ముక్క తీసి వేడియప్పన్ ఆకులో వేసింది. రెండోదీ వాడికే వేసింది. మొదలాళి తల తుడుచుకుంటూ వచ్చి, ఎర్రబడిన ముక్కుతో, మూడో ముక్క కోసం కూర్చున్నాడు. పంచవర్ణం తన ఆకు ముట్టలేదు. కొడుకు గొంతులో ముల్లు దిగుతుందేమోనని ప్రతి ముద్దనూ చూస్తోంది.

తిరుగు దారిలో ఘాటు ఎక్కుతూ ఆమె ముందుకు చూసింది. మొదలాళి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని, మలుపు వచ్చినప్పుడల్లా దేన్నీ పట్టుకోకుండా, ఆమెలాగే ఊగుతున్నాడు. చేతిలో నిమ్మకాయ ఒకటే తక్కువ.

*

మంగళవారం వేడియప్పన్ ఇంటికి వచ్చేసరికి పంచవర్ణం బియ్యం డబ్బా మీద కూర్చొని ఉంది. రేకు డబ్బా ఆ బియ్యంలో దాచింది. రెండు దినాలుగా వీధిలో ఖాకీ చొక్కా కనబడితే లోపలికి వస్తోంది.

"కడత్తూరు వాడు వచ్చినాడా?"

"ఏ కడత్తూరు వాడు? ఆ పేరే ఎత్తలే." వాడు చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. "పొద్దున మొదలాళి దగ్గరకు పిలిచి, గొంతు తగ్గించి, 'ఆ తెలుపు మనకు సరిపడదు గానీ, ఈసారి పొడి రంగు వేయమను మీ అమ్మను,' అన్నాడు. వెంటనే, 'అంటే, చింతపండు రంగు,' అన్నాడు."

"సరే, చింతపండు రంగు. దానికేం, వేద్దాం."

"ఉండు. మధ్యాహ్నం అమ్మగారు పిలిచినారు. తెలుపే వేయమన్నారు. పోయినసారి లాగే."

పంచవర్ణం గుండె పట్టుకుంది. "ఆయన మాట వినకుంటే ఆయన తీసేస్తాడు. ఆమె మాట వినకుంటే ఆమె తీసేస్తాది. రెండూ వింటే..."

"కార్లో ఒక సోప్పు పెట్టినారు అమ్మగారు," అన్నాడు వేడియప్పన్, తొట్టి వైపు పోతూ. "పెట్టెలో, చిన్న చెంబుతో సహా. మొదలాళి ఎక్కేముందు ఒకసారి, దిగినాక ఒకసారి కడుక్కుంటున్నాడు. నన్నేం కడుక్కోమనలే."

పంచవర్ణం లేచి బియ్యం డబ్బా మూత సర్దింది.

ఆ వారమే మళ్ళీ సోగత్తూరు కొట్టం. ఈసారి పంచవర్ణం కారులోనే వచ్చింది, వెనక సీటులో, నిమ్మకాయతో. నారాయణసామి తెల్ల డబ్బా మూత తీసి, కుంచె మెత్తబరుస్తూ కూర్చున్నాడు. పాత రంగంతా గీకేశారు. వేడియప్పన్ కిరసనాయిలు గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో రెండుసార్లు తుడిచాడు.

"ఈసారి ఆముదం పేరెత్తావంటే నిన్ను రాటకు కడతా, పంచవర్ణం," అన్నాడు అన్న.

"ఎందుకెత్తుతా? నాకు తెలీదా?"

స్టీరింగును ఆమే మళ్ళీ తుడిచింది. వేలితో తాకి, వేలు ముక్కు దగ్గర పెట్టుకొని, నూనె వాసన లేదని చూసుకొని మరీ తుడిచింది. కుడి తలుపు పిడి తుడిచింది. వెనక పిడులు తుడిచింది. ముందు పలక దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి నెమ్మదించింది. ఈయన మళ్ళీ మొదలుపెడితే? సోప్పు అరిగిపోతే? ఇంకో డబ్బా కొనుక్కుంటే? మళ్ళీ అంతా పండి, మళ్ళీ చేతి మురికి అంటే?

అన్న ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి లేచాడు. కొడుకు బావి దగ్గర గుడ్డలు పిండుతున్నాడు. పంచవర్ణం నడుము దగ్గర దోపిన చిన్న సీసా తీసింది. ఎడమ సీటుకు ఎదురుగా, ఒక అరచెయ్యి పట్టేంత మేర, మూడుసార్లు ఆముదం పెట్టింది.